ఏపీఆర్‌ఎస్, ఐగేట్: నల్లగొండ, పాలమూరు హ్యామ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు వచ్చినవాళ్లు ఏపీఆర్‌ఎస్ గురించి ఫోన్ చేసి అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. "ప్యాకెట్ పంపాను, మ్యాప్‌లో రాలేదు" అన్నది వాటిలో మొదటిది. దేవరకొండ నుంచి అడిగినా గద్వాల నుంచి అడిగినా జవాబు పెద్దగా మారదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. నేను చూసినంతలో మన జిల్లాల్లో పంపే రేడియోలకు కొదవ లేదు, వినే స్టేషన్లే తక్కువ. కాబట్టి ఇక్కడ వినడం గురించే ఎక్కువ రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఏపీఆర్‌ఎస్ అంటే ఏంటి? జీపీఎస్ ట్రాకర్ లాంటిదేనా?

ఏపీఆర్‌ఎస్ అంటే ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్. ట్రాకర్ పని దీనిలో ఒక భాగం మాత్రమే. జీపీఎస్ మీరున్న చోటును రేడియోకు చెబుతుంది. రేడియో ఆ వివరాన్ని చిన్న ప్యాకెట్‌గా కట్టి, 1200, 2200 హెర్ట్జ్ స్వరాలు రెండింటిని మార్చి మార్చి వాడుతూ గాల్లోకి పంపుతుంది. స్పీకర్‌లో వింటే గరగరమని ఒక్క క్షణం మోగి ఆగిపోతుంది. ఆ క్షణంలోనే మీ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషన్ పేరు), అక్షాంశ రేఖాంశాలు, కారో ఇల్లో చెప్పే గుర్తు, చిన్న వ్యాఖ్య అన్నీ వెళ్లిపోతాయి. వాతావరణ వివరాలు, చిన్న మెసేజ్‌లు, "ఇక్కడ రోడ్డు తెగింది" లాంటి గుర్తులు కూడా ఇలాగే వెళ్తాయి.

దీన్ని రూపొందించిన బాబ్ బ్రునింగా అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేశారు, 2022లో చనిపోయారు. ఏపీఆర్‌ఎస్‌ను వాహనాల ట్రాకింగ్‌గా కుదించి చూడొద్దని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నారు. చుట్టుపక్కల ఏం జరుగుతోందో ఆ ప్రాంతంలోని హ్యామ్‌లందరికీ ఒకేసారి తెలియాలన్నది ఆయన ఉద్దేశం. అది గుర్తుంటే ఏ సెట్టింగ్ ఎందుకు పెడుతున్నామో సులువుగా అర్థమవుతుంది.

ఐగేట్‌కూ డిజిపీటర్‌కూ తేడా ఏంటి?

డిజిపీటర్ విన్న ప్యాకెట్‌ను అదే ఫ్రీక్వెన్సీ మీద మళ్లీ పంపుతుంది. మాట రేడియోలోనే ఉంటుంది, ఇంకొంచెం దూరం పోతుంది. ఐగేట్ విన్న ప్యాకెట్‌ను ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. అక్కడ ఏపీఆర్‌ఎస్-ఐఎస్ అనే సర్వర్ల గుంపు ఉంటుంది. మ్యాప్ సైట్లు ఆ సర్వర్ల నుంచే సమాచారం తీసుకుంటాయి. ఒకే పెట్టె ఈ రెండు పనులూ చేయగలదు. చుట్టుపక్కల ఏమీ లేని ఊళ్లో మాత్రం ముందు ఐగేట్ పెట్టడం మేలు.

లైసెన్సు లేకుండా వాడొచ్చా?

మ్యాప్ సైట్ తెరిచి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్యాకెట్ పంపాలన్నా, ఐగేట్‌ను సర్వర్‌కు కలపాలన్నా మీకంటూ కాల్‌సైన్ ఉండాలి. అందుకు ఏఎస్ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష రాయాలి. కనీస వయసు 12 ఏళ్లు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల మోర్స్ ఉంటుంది. ఏపీఆర్‌ఎస్ మొదలుపెట్టడానికి రిస్ట్రిక్టెడ్ చాలు. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఇస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. చదువుకోవడానికి తోడు కావాలంటే హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగండి.

రేడియో ముందు కొనేసి లైసెన్సు తర్వాత చూసుకుందామనుకోకండి. వరుస తప్పితే అనవసరమైన టెన్షన్.

మా బత్తాయి లోడు హైదరాబాద్ మార్కెట్‌కు పోతుంది. డ్రైవర్ బండిలో పెట్టి చూసుకోవచ్చా?

కుదరదు. హ్యామ్ రేడియోను వ్యాపారానికి వాడకూడదు. పైగా బండిలో ఉన్న డ్రైవర్‌కు లైసెన్సు ఉండదు. బోరు లారీలకు, డీసీఎంలకు, స్కూలు బస్సులకు అందరికీ ఇదే జవాబు. సిమ్ కార్డుతో నడిచే మామూలు ట్రాకర్ కొనుక్కోండి, ఆ పనికి అదే సరైనది.

నెలనెలా ఏమైనా కట్టాలా?

ఏమీ లేదు. సర్వర్లను ప్రపంచవ్యాప్తంగా హ్యామ్‌లే సొంతంగా నడుపుతారు. వినడానికే పెట్టిన ఐగేట్ వాడే డేటా చాలా తక్కువ, ఇంట్లో ఉన్న కనెక్షన్ చాలు.

## మొదటి బీకన్ (మీరున్న చోటు చెప్పే ప్యాకెట్)

ఫ్రీక్వెన్సీ ఒకరు 144.390 అంటారు, ఇంకొకరు 144.800 అంటారు. ఏది పెట్టాలి?

మొదటిది ఉత్తర అమెరికా అలవాటు, రెండోది యూరప్ అలవాటు. రెండూ మనకు ఇచ్చిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే ఉన్నాయి. కాబట్టి నిబంధనల పరంగా ఇబ్బంది లేదు. మీకు దగ్గర్లో ఉన్న ఐగేట్ దేని మీద వింటోందో దాన్నే మీరూ పెట్టాలి. వెబ్‌లో దొరికిన పట్టిక చూసి పెట్టకుండా ఆ స్టేషన్ నడిపేవాళ్లను ఒక్కమాట అడగండి. మీ ఊళ్లో మొదటి ఐగేట్ మీరే పెడుతుంటే, హైదరాబాద్ వైపు వాళ్లు వాడేదే తీసుకోండి. జాతీయ రహదారి 44 మీద షాద్‌నగర్ దాటి వచ్చే బండి జడ్చర్లలో ఫ్రీక్వెన్సీ మార్చుకోవాల్సి రాకూడదు కదా.

కాల్‌సైన్ పక్కన గీత పెట్టి 7, 9, 10 అని ఎందుకు రాస్తారు?

ఒకే మనిషికి చెందిన వేర్వేరు రేడియోలను గుర్తుపట్టడానికి. ఇంటి స్టేషన్‌కు ఏమీ పెట్టరు. చేతి రేడియోకు 7, కారుకు 9, ఫోన్ యాప్‌కు 5, ఐగేట్‌కు 10, వాతావరణ స్టేషన్‌కు 13 పెట్టడం ఆనవాయితీ. తప్పనిసరి నియమం కాదు గానీ, అందరూ పాటిస్తే పేరు చూడగానే ఏంటో తెలిసిపోతుంది. మీ రెండు రేడియోలకు ఒకే నంబరు మాత్రం పెట్టకండి. మ్యాప్‌లో మీ గుర్తు మిర్యాలగూడకూ ఇంటికీ మధ్య గెంతుతూ ఉంటుంది.

పాత్‌లో ఏం రాయాలి?

ప్యాకెట్‌ను ఏ డిజిపీటర్లు, ఎన్నిసార్లు మళ్లీ పంపాలో చెప్పేదే పాత్. కారులో తిరిగేవాళ్లకు వైడ్1-1, వైడ్2-1 చాలు. మొదటిది "దగ్గర్లోని చిన్న డిజిపీటర్ అయినా సరే నా ప్యాకెట్‌ను ఎత్తుకోండి" అని, రెండోది "ఆ తర్వాత ఒక్క గెంతు చాలు" అని చెబుతుంది. ఇంటి స్టేషన్‌కు ఒక్క గెంతు సరిపోతుంది. చుట్టూ డిజిపీటరే లేకపోతే పాత్ ఖాళీగా ఉంచినా నష్టం లేదు, ఐగేట్ మిమ్మల్ని నేరుగా వింటే పని అయిపోయినట్టే. దూరం పోవాలని గెంతుల సంఖ్య 5, 6 పెట్టేవాళ్లు ఉన్నారు. దానివల్ల దూరం పెరగదు, అదే ప్యాకెట్ పదేపదే తిరిగి పక్కవాళ్ల మాట వినబడకుండా చేస్తుంది.

ఎంతసేపటికొకసారి పంపాలి?

కదలని స్టేషన్ అరగంటకొకసారి పంపితే చాలు. ఇల్లు ఎక్కడికీ పోదు. కదిలే బండి అయితే రెండు నిమిషాలకొకసారి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే రెండు నిమిషాల్లో దాదాపు 2.7 కిలోమీటర్లు దాటతారు, తిన్నని హైవే మీద అది చాలు. స్మార్ట్ బీకనింగ్ ఉంటే ఇంకా మంచిది. వేగాన్ని బట్టి వ్యవధి మారుస్తుంది, మలుపు తిరగగానే ఒకటి పంపుతుంది. మన్ననూరు దాటి దోమలపెంట వైపు మలుపుల దారిలో పోయేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఒక్కో ప్యాకెట్ సుమారు ఒక సెకను పాటు ఫ్రీక్వెన్సీని ఆక్రమిస్తుంది. అదే ఫ్రీక్వెన్సీని అందరూ పంచుకుంటారు. పది సెకన్లకొకసారి పంపేవారు ఒక్కరున్నా, బలహీనంగా వచ్చే దూరపు స్టేషన్ వాళ్ల కింద నలిగిపోతుంది.

నేనుండేది నల్లగొండలో. మ్యాప్‌లో నకిరేకల్ వైపు పొలాల్లో చూపిస్తోంది. ఎందుకు?

డిగ్రీల దశాంశాలను నిమిషాలుగా రాసేసి ఉంటారు. ఈ తప్పు నేనూ చేశాను, రెండు రోజులు అర్థం కాలేదు.

ఫోన్ మ్యాప్ నల్లగొండను 17.05, 79.27 అని చూపిస్తుంది. ఏపీఆర్‌ఎస్ ప్యాకెట్‌లో మాత్రం డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వందో వంతులు రాయాలి. పాయింటు తర్వాత ఉన్న భాగాన్ని 60తో హెచ్చించాలి. 0.05ను 60తో హెచ్చిస్తే 3, అంటే 17 డిగ్రీల 03.00 నిమిషాలు. 0.27ను హెచ్చిస్తే 16.2, అంటే 79 డిగ్రీల 16.20 నిమిషాలు. ఈ లెక్క చేయకుండా 05, 27 అనే అంకెలను నిమిషాల చోట పెడితే మీ ఇల్లు ఉత్తరానికి దాదాపు 3.7 కిలోమీటర్లు, తూర్పుకు 19 కిలోమీటర్లు జరిగిపోతుంది. అదే మీకు కనబడే పొలం.

చవక హ్యాండీ (చేతి రేడియో), ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. వాటితో అయిపోతుందా?

అవుతుంది. చాలామంది మొదలుపెట్టేది అలాగే. ఏపీఆర్‌ఎస్‌డ్రాయిడ్ అనే యాప్ ఫోన్‌లోని జీపీఎస్ తీసుకుని ప్యాకెట్ శబ్దాన్ని తయారు చేస్తుంది. ఆడియో కేబుల్‌తో ఫోన్‌ను హ్యాండీకి కలిపి, హ్యాండీలో వాక్స్ ఆన్ చేస్తే శబ్దం రాగానే అదే ట్రాన్స్‌మిట్ అవుతుంది. వాక్స్ కొంచెం ఆలస్యంగా మేల్కొంటుంది కాబట్టి యాప్‌లో ముందు వచ్చే ఖాళీ సమయాన్ని పెంచాలి. అర సెకనుతో మొదలుపెట్టి చూడండి.

అదే యాప్ రేడియో లేకుండా నేరుగా ఇంటర్నెట్‌లోకి కూడా పంపగలదు. అప్పుడు మ్యాప్‌లో మీరు కనబడతారు గానీ రేడియో వాడినట్టు కాదు. నేర్చుకునేటప్పుడు సరే, అక్కడే ఆగిపోకండి.

ప్యాకెట్ శబ్దం పక్క రేడియోలో బాగా వినబడుతోంది. అయినా ఎవరూ డీకోడ్ చేయట్లేదు

నూటికి తొంభై సార్లు శబ్దం ఎక్కువై ఉంటుంది. చెవికి గట్టిగా, స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ స్వరాలు చితికిపోయి ఉంటాయి. ఫోన్ వాల్యూమ్‌ను సగానికి దించి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. డీవియేషన్ (శబ్దానికి ఫ్రీక్వెన్సీ ఎంత కదులుతుందో ఆ కొలత) 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే మంచిది.

అది కాకపోతే ఇవి చూడండి: వినే రేడియోలో బ్యాటరీ సేవ్ ఆన్‌లో ఉందా? డ్యూయల్ వాచ్ (రెండు ఫ్రీక్వెన్సీలను మార్చి మార్చి వినడం) ఉందా? రెండూ ఆపేయాలి, అవి ప్యాకెట్ మొదటి ముక్కను మింగేస్తాయి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ను మూసే సెట్టింగ్) పూర్తిగా తెరిచి ఉంచాలి. రిపీటర్ కోసం పెట్టుకున్న టోన్, ఆఫ్‌సెట్ తీసేశారా? వీటన్నిటి తర్వాత కూడా రాకపోతే రెండు రేడియోలను గది రెండు మూలల్లో పెట్టి, యాంటెన్నాలతో, అతి తక్కువ పవర్‌లో పరీక్షించండి. పక్కపక్కనే పెట్టి 5 వాట్లతో కొడితే వినే రేడియో ఉక్కిరిబిక్కిరై ఏదీ సరిగా వినదు.

## ఐగేట్ పెట్టడం

వినే ఐగేట్‌కు ఏమేం కావాలి?

బయట ఒక యాంటెన్నా, కేబుల్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రిసీవర్) ఒకటి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ లేదా మూలన పడ్డ పాత లాప్‌టాప్, ఇంటర్నెట్. సాఫ్ట్‌వేర్‌గా డైర్‌వుల్ఫ్ ఉచితం, బలహీనమైన ప్యాకెట్లను కూడా బాగా డీకోడ్ చేస్తుంది. డాంగిల్ బదులు పాత ఎఫ్ఎం రిగ్‌ను, యూఎస్‌బీ సౌండ్ కార్డును వాడితే ఇంకా బాగా వింటుంది. డైర్‌వుల్ఫ్ ప్రతి ప్యాకెట్ పక్కన ఆడియో స్థాయి చూపిస్తుంది. అది 50 దగ్గర ఉండేలా చూసుకోండి.

డబ్బులు ఎక్కడ పెట్టాలని అడిగితే నా మాట ఒకటే: యాంటెన్నా, కేబుల్ మీద పెట్టండి.

ఇంటి మీద పెట్టాలా, గుట్ట మీద పెట్టాలా?

144 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు కంటిచూపు దారిలోనే పోతుంది. లెక్క సులువు. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే కిలోమీటర్లలో దిగంతం వస్తుంది. డాబా మీద 9 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే 12 కిలోమీటర్లు. కారు మీద ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్నదానికి 5 కిలోమీటర్లు. రెండూ కలిపితే 17. అదే చుట్టుపక్కల నేలకన్నా 100 మీటర్ల ఎత్తున్న గుట్ట అయితే 41, కారుది కలిపితే 46. ఎత్తు ఎంత పని చేస్తుందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. మధ్యలో గుట్టలు అడ్డొస్తే దూరం తగ్గుతుంది, ఎదురుగా మరో ఎత్తయిన చోటుంటే పెరుగుతుంది.

మన నేల ఈ విషయంలో చాలా ఉదారమైనది. నల్లగొండ పేరులోనే కొండ ఉంది. పట్టణాన్ని ఆనుకుని లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇటు దేవరకొండ, రాచకొండ, పాలమూరు వైపు కోయిలకొండ, ఖిల్లా ఘనపురం. ఒక్కోదాని మీద నిలబడి చూస్తే ఎన్ని ఊళ్లు కనబడతాయో అన్ని ఊళ్ల బండ్లూ వినబడతాయి. అయితే గుట్ట మీద కరెంటు, నెట్ ఉండవు, సామానుకు కాపలా ఉండదు. కోటలకైతే పురావస్తు శాఖ అనుమతి, దర్గాలూ గుళ్లూ ఉన్నచోట అక్కడి పెద్దల అనుమతి కావాలి. అందుకే గుట్టను ఒకరోజు పరీక్షకు వాడండి. బ్యాటరీతో హ్యాండీ తీసుకెళ్లి ఎవరెవరు వినబడుతున్నారో రాసుకోండి. శాశ్వతంగా పెట్టడానికి మాత్రం ఊళ్లో ఎత్తయిన మిద్దె ఉన్న, రోజూ మనిషి ఉండే ఇల్లు చూసుకోండి. ఆరు నెలలు ఆగకుండా నడిచే 17 కిలోమీటర్ల స్టేషన్, వారానికోసారి ఆగిపోయే 46 కిలోమీటర్ల స్టేషన్ కన్నా మేలు. నేను రెండూ చేసి చూశాకే ఈ మాట అంటున్నాను.

యాంటెన్నా ఇంట్లో చేసుకోవచ్చా?

సులువుగా చేసుకోవచ్చు. క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్‌కు నిలువుగా ఉండే కడ్డీ పొడవు సుమారు 49 సెంటీమీటర్లు. కింద అంతకన్నా కొంచెం పొడవైన నాలుగు కడ్డీలను 45 డిగ్రీల వాలుగా వంచి పెట్టాలి. ఒక పానల్ సాకెట్, రాగి లేదా అల్యూమినియం కడ్డీలు ఉంటే ఒక సాయంత్రం పని. ట్రాన్స్‌మిట్ కూడా చేస్తారా? అయితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) కొలిచాకే కలపండి.

కేబుల్ దగ్గర చాలామంది మోసపోతారు. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 20 మీటర్లు వేస్తే సిగ్నల్‌లో సగానికి పైగా దారిలోనే పోతుంది. వినడానికే అయితే డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ వేయండి. దాని ఇంపీడెన్స్ వేరైనా (75 ఓమ్‌లు) వినేటప్పుడు ఆ తేడా లెక్కలోకి రాదు, నష్టం చాలా తగ్గుతుంది, మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది.

పాస్‌కోడ్ ఎక్కడ దొరుకుతుంది? ఎవరికైనా చెప్పొచ్చా?

ఐగేట్‌ను సర్వర్‌కు కలిపేటప్పుడు ఇచ్చేది పాస్‌కోడ్, కాల్‌సైన్ నుంచి ఒక లెక్క ప్రకారం వచ్చే అంకెలే అది. గీత తర్వాత ఏ నంబరు పెట్టినా పాస్‌కోడ్ మారదు, అన్ని రేడియోలకూ ఒకటే. బ్యాంకు పిన్ లాంటి గట్టి తాళం కాదు. అయినా గ్రూపుల్లో స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు చెరిపేయండి. మీ కాల్‌సైన్ పేరుతో వెళ్లే ప్రతిదానికీ బాధ్యత మీదే.

సర్వర్ పేరు దగ్గర ఆసియా.ఏపీఆర్‌ఎస్2.నెట్ అని, పోర్టు దగ్గర 14580 అని ఇస్తే సరిపోతుంది.

ఫిల్టర్ (సర్వర్ నుంచి ఏ ప్రాంతపు ప్యాకెట్లు రావాలో చెప్పేది) తప్పకుండా పెట్టాలా?

వినడానికే అయితే అవసరం లేదు. ఇంటర్నెట్ నుంచి కూడా సమాచారం రప్పించుకోవాలంటే పెట్టాలి. ఆంగ్లంలో చిన్న ఆర్ అక్షరం, తర్వాత ఏటవాలు గీతలతో అక్షాంశం, రేఖాంశం, దూరం రాస్తారు. నల్లగొండ చుట్టూ 50 కిలోమీటర్లకు ఆర్/17.05/79.27/50 అవుతుంది. ఇక్కడ మాత్రం డిగ్రీల దశాంశాలే రాయాలి, నిమిషాలు కాదు.

వినడం ఒక్కటే చాలా? ఇంటర్నెట్ నుంచి రేడియోలోకి కూడా పంపాలా?

మొదటి కొన్ని నెలలు వినడం ఒక్కటే చేయండి. అది తప్పు చేసినా గాలి పాడవదు. రెండువైపులా నడిచే ఐగేట్ మంచిదే, దానివల్ల మ్యాప్ ముందు కూర్చున్నవాళ్లు దారిలో ఉన్న బండికి మెసేజ్ పంపగలరు. అయితే అది ట్రాన్స్‌మిటర్. మీరు ఊళ్లో లేనప్పుడు ఇరుక్కుపోయి అదేపనిగా కొడుతూ ఉంటే ఫ్రీక్వెన్సీ మొత్తం మూగబోతుంది. ఆపగలిగే లైసెన్సుదారు అందుబాటులో ఉండాలి, మీ లైసెన్సు షరతులను ముందే చదివి ఉండాలి.

పంపితే ఏం పంపాలో కూడా తెలియాలి. ఈమధ్య మీ రేడియోకు వినబడిన స్టేషన్లకు వచ్చిన మెసేజ్‌లే పంపండి. ఇంటర్నెట్‌లో ఉన్న బీకన్లన్నిటినీ రేడియోలోకి వదిలేయడం పెద్ద తప్పు. నోగేట్, ఆర్ఎఫ్ఓన్లీ అని గుర్తున్న ప్యాకెట్లను ఇంటర్నెట్‌లోకి ఎక్కించకూడదు. డైర్‌వుల్ఫ్ ఈ నియమాన్ని తనంతట తానే పాటిస్తుంది.

కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది?

రాస్ప్‌బెర్రీ పై, డాంగిల్ కలిపి సుమారు 5 వాట్లు తీసుకుంటాయి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలో 84 వాట్-గంటలు ఉంటాయి, బ్యాటరీ బతకాలంటే అందులో సగమే వాడాలి. అంటే దాదాపు 8 గంటలు. అయితే ఇంటి రౌటర్ కూడా ఆ బ్యాటరీ మీదే ఉండాలి, లేకపోతే ఐగేట్ మేల్కొని ఉన్నా ఎక్కించే దారి ఉండదు. మన వైపు మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ మామూలే. సామానును రేకుల షెడ్డులో పెట్టకండి, కింద గదిలో గాలి తగిలేచోట పెట్టండి.

పిడుగులకూ కోతులకూ ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కేబుల్ విప్పి కిటికీ బయట పడేయండి. అరెస్టర్, మంచి ఎర్తింగ్ రెండూ అవసరమే, కానీ నేరుగా పిడుగు పడితే ఏదీ ఆపలేదు. ఉరుము మొదలయ్యాక కేబుల్ ముట్టుకోవద్దు. ఊరికి వెళ్తుంటే ముందే విప్పి వెళ్లండి.

కోతుల బాధ మన ఊళ్లలో చిన్నది కాదు. నా మొదటి యాంటెన్నా నాలుగు కడ్డీలనూ పది రోజుల్లో వంచేశాయి, కేబుల్ కొరికేశాయి. ఇప్పుడు యాంటెన్నా మొత్తాన్ని పీవీసీ పైపులో పెట్టాను. జే-పోల్ రకం నిలువుగా ఉంటుంది కాబట్టి పైపులో సులువుగా పడుతుంది. కేబుల్ కూడా గోడ వెంట పైపులోనే దించాను. స్తంభం నున్నగా, ఎక్కడానికి పట్టు దొరక్కుండా ఉంటే అవి త్వరగా వదిలేస్తాయి.

లోరా ఏపీఆర్‌ఎస్ చవక కదా, 433.775లో పెట్టేయొచ్చా?

లోరా అనేది తక్కువ పవర్‌తో దూరం పోయే వేరే రేడియో పద్ధతి. 433.775 యూరప్ వాళ్ల ఫ్రీక్వెన్సీ. మన లైసెన్సులో ఆ బ్యాండ్ 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. 433.775 దానికి బయట పడుతుంది. బోర్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె ముందే పెట్టి ఉంటుంది కాబట్టి చూడకుండా ఆన్ చేయకండి. చుట్టుపక్కల ఉన్న హ్యామ్‌లతో మాట్లాడుకుని బ్యాండ్ లోపల ఒకదాన్ని పెట్టుకోండి. లోరా, మామూలు ఎఫ్ఎం ఏపీఆర్‌ఎస్ ఒకదాన్నొకటి వినలేవు, వేర్వేరు రిసీవర్లు కావాలి.

## నడుస్తున్నాక

నా ఐగేట్ ఆ ప్యాకెట్‌ను విన్నది, లాగ్‌లో ఉంది. మ్యాప్‌లో మాత్రం వేరేవాళ్ల పేరు వచ్చింది

ఒకే ప్యాకెట్‌ను ముగ్గురు వింటే ముగ్గురూ సర్వర్‌కు పంపుతారు. మొదట చేరినదాన్ని సర్వర్ ఉంచుకుంటుంది, అర నిమిషంలోపు వచ్చిన మిగతా నకళ్లను పడేస్తుంది. మీ నెట్ కొంచెం నిదానమైతే మీ పేరు రాదు. స్టేషన్‌లో లోపం ఏమీ లేదు. ఆ మొదటివాళ్లు ఆగిపోయిన రోజున మీదే నిలబడుతుంది.

ముడి ప్యాకెట్‌లో క్యూఏఆర్, క్యూఏఓ అని కనబడతాయి, అవేంటి?

ఆ ప్యాకెట్ ఇంటర్నెట్‌లోకి ఎలా వచ్చిందో ఐగేట్ లేదా సర్వర్ వేసే ముద్ర. క్యూఏఆర్ అంటే రెండువైపులా నడిచే ఐగేట్ ఎక్కించింది. క్యూఏఓ అంటే వినే ఐగేట్ ఎక్కించింది. క్యూఏసీ అంటే రేడియో లేకుండా నేరుగా సర్వర్‌కు వచ్చింది. మీ హ్యాండీ నిజంగా గాల్లోంచి వినబడిందా అన్న అనుమానం ఉంటే ఇది చూడండి.

వాతావరణ స్టేషన్ 111 డిగ్రీలు చూపిస్తోంది. పాడైందా?

లేదు, ప్యాకెట్‌లో ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో వెళ్తుంది. 111 అంటే దాదాపు 44 సెల్సియస్. వాన అంగుళంలో వందో వంతుల్లో వెళ్తుంది.

తెలుగులో మెసేజ్ పంపొచ్చా?

ఒక మెసేజ్‌లో 67 అక్షరాలే పడతాయి. తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి, గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి. రెండు మూడు మాటలకే నిండిపోతుంది. చాలా రేడియోల తెర తెలుగును చూపించలేదు కూడా. నాకు బాధగానే ఉంటుంది గానీ, ఆంగ్ల అక్షరాల్లో తెలుగు మాటలు రాయడమే ఇప్పటికి పనికొస్తుంది.

మా ఇల్లెక్కడో ఊరందరికీ తెలిసిపోతుంది కదా?

తెలుస్తుంది. ఇది బహిరంగ రేడియో, రహస్యంగా పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు, మ్యాప్ సైట్లు పాత దారులను కూడా దాచి ఉంచుతాయి. ఇబ్బందిగా ఉంటే నిమిషాల్లో పాయింటు తర్వాతి రెండు అంకెలను ఖాళీగా వదలండి. అప్పుడు దాదాపు 1.85 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఉన్నట్టు మాత్రమే తెలుస్తుంది. ఇల్లు తాళం వేసి కుటుంబమంతా ఊరెళ్తున్న రోజు కారులో బీకన్ వేయాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోండి. నేను వేయను.

## బయట తిరిగేటప్పుడు

నల్లమలలో పనిచేస్తుందా? సలేశ్వరం జాతరకు తీసుకెళ్తే?

శ్రీశైలం రోడ్డు మీద ఎత్తయిన చోట్ల ఒక్కోసారి ఆశ్చర్యపడేంత దూరం పోతుంది. లోయలోకి దిగితే పూర్తిగా ఆగిపోతుంది. చైత్ర పౌర్ణమికి జనం నడిచి వెళ్లే సలేశ్వరం లోతైన లోయలో ఉంది. అక్కడి నుంచి మీ హ్యాండీ ఏ ఊరి ఐగేట్‌నూ నేరుగా చేరదు. లోయ అంచు మీద బ్యాటరీతో నడిచే డిజిపీటర్‌ను ఒక మనిషి కూర్చుని చూసుకుంటే కిందివాళ్ల ప్యాకెట్లు పైకి రావచ్చు. జాతరల్లో తప్పిపోయినవాళ్లకోసం, సొమ్మసిల్లినవాళ్లకోసం వాలంటీర్లు వెతుక్కునే చోట ఇది నిజంగా అక్కరకొచ్చే పని. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోకుండా రేడియో సామాను లోపలికి తీసుకెళ్లకండి.

వరద వచ్చి నెట్, సెల్ టవర్లు పోతే ఐగేట్ ఉండి ఏం లాభం?

ఇంటర్నెట్‌లోకి ఎక్కించే పని ఆగిపోతుంది. వినే పని ఆగదు. అదే డాంగిల్, అదే లాప్‌టాప్ మీద ముందే దింపుకున్న మ్యాప్ ఉంటే చుట్టుపక్కల ఉన్న రేడియోలన్నీ తెర మీద కనబడుతూనే ఉంటాయి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపురం వైపు ఊళ్లు మునిగాయి. అలాంటప్పుడు ఎవరు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ రోడ్డు తెగింది, పడవ ఎక్కడుంది అన్నవి ఒకే తెర మీద ఉంటే మాటలతో అడిగి రాసుకునే పని సగం తగ్గుతుంది. "పునరావాస కేంద్రం" లాంటి గుర్తులను ఆబ్జెక్ట్‌లుగా పెడితే అందరి తెరల మీదా వస్తాయి. అందుకే మ్యాప్ ఫైళ్లు వానాకాలానికి ముందే దింపుకోండి. ఏడాదికోసారి రౌటర్ ఆపేసి ఒక గంట పరీక్షించి చూడండి.

అంతరిక్ష కేంద్రం ద్వారా కూడా పంపొచ్చంటారు, నిజమా?

నిజమే. 145.825 మెగాహెర్ట్జ్ మీద, పాత్‌లో ఏరిస్ అని పెట్టి పంపితే, అక్కడి రేడియో ఆ పనికి ఆన్‌లో ఉన్నప్పుడు తిరిగి పంపుతుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో పోతుంది, మన మీదుగా దాటే ప్రతిసారీ (దాన్నే పాస్ అంటారు) పది నిమిషాలకు మించి కనబడదు. చుట్టూ అడ్డులేని డాబా మీద నిలబడితే హ్యాండీతో కూడా అందుతుంది. ఒక్క పాస్‌లో రెండు మూడు సార్లే పంపండి, దేశమంతా అదే పది నిమిషాల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఉద్యోగం మారి ఊరు వదిలిపోతున్నాను. ఐగేట్ ఆపేయాలా?

ఆపేముందు నెల రోజుల లాగ్ తీసి చూడండి, మీ స్టేషన్ ఒక్కటే విన్నవి ఎన్ని ఉన్నాయో. ఉంటే దగ్గర్లో లైసెన్సు ఉన్నవాళ్లను అడిగి యాంటెన్నాతో సహా అప్పజెప్పండి. వాళ్లు తమ కాల్‌సైన్, తమ పాస్‌కోడ్ పెట్టుకోవాలి, మీ పేరుతో నడపకూడదు. ఎవరూ దొరక్కపోతే సర్వర్ నుంచి తీసేసి, రోజూ ఆ దారిలో తిరిగే నలుగురికీ ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే వాళ్లు తమ రేడియోనే పాడైందనుకుని విప్పి చూసుకుంటూ కూర్చుంటారు.